మునగాలి, మళ్లీ తేలాలి: మోడల్ సబ్‌మెరైన్‌లో బ్యాలస్ట్ ట్యాంకు కథ



సైన్స్ ఫెయిర్ తేదీ చెప్పగానే ఇళ్లలో హడావిడి మొదలవుతుంది. అగ్నిపర్వతం, సోలార్ ఇల్లు, డ్రిప్ ఇరిగేషన్ మోడల్ ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య హైస్కూల్ పిల్లలు అడుగుతున్న కొత్త ప్రాజెక్టు రిమోట్‌తో నడిచే సబ్‌మెరైన్. వీడియోల్లో చూస్తారు, మరుసటి రోజే "మేమూ చేస్తాం టీచర్" అంటారు. చాలా మంచి ఆలోచన. తొమ్మిదో తరగతిలో చదివే ఆర్కిమెడిస్ సూత్రం, పీడనం, సాంద్రత, ఆ పై తరగతుల్లో వచ్చే బాయిల్ నియమం అన్నీ ఒకే పైపులో కలిసి కనిపించే ప్రాజెక్టు ఇది. అయితే సగంలో ఆగిపోయేది కూడా ఇదే. పడవ మునుగుతుంది, కానీ మళ్లీ పైకి రాదు. లేదా ఎంత చేసినా మునగదు.

ఈ రెండు సమస్యలకూ మూలం ఒక్కటే: బ్యాలస్ట్ ట్యాంకు. అది ఏమిటి, ఎంత ఉండాలి, ఎక్కడ బిగించాలి, తర్వాత ఎలా చూసుకోవాలి అన్నది ఈ నెల మీతో పంచుకుంటున్నాను. ఇంజనీరింగ్ చదవని తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా రాశాను. పిల్లలతో కలిసి చదవండి.

బొమ్మకీ మోడల్‌కీ తేడా

ఆన్‌లైన్‌లో దొరికే అరచేతి సైజు బొమ్మ సబ్‌మెరైన్లలో చాలావాటికి ట్యాంకు ఉండదు. అవి నీటి మీద తేలేంత తేలిగ్గా ఉంటాయి. కిందికి తోసే చిన్న ఫ్యాన్ తిరిగినంతసేపే మునుగుతాయి, ఫ్యాన్ ఆగితే పైకి వచ్చేస్తాయి. ఆడుకోవడానికి బాగుంటాయి. కానీ అసలు సబ్‌మెరైన్ పనిచేసే తీరు అది కాదు.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరిలో సేవల నుంచి తప్పుకుంది. 2002 ఆగస్టులో మ్యూజియంగా తలుపులు తెరిచింది. పొడవు సుమారు 91 మీటర్లు. నీటి మీద తేలుతున్నప్పుడు అది పక్కకు నెట్టే నీటి బరువు దాదాపు 1,950 టన్నులు. పూర్తిగా మునిగినప్పుడు దాదాపు 2,475 టన్నులు. ఈ రెండింటి మధ్య తేడా 500 టన్నుల పైమాటే. మునగడానికి అది అంత నీటిని తనలోకి తీసుకోవాలి. తేలడానికి అంత నీటినీ బయటికి నెట్టాలి. ఆ నీరు నిలిచే చోటే బ్యాలస్ట్ ట్యాంకు. కురుసురలో ఈ ట్యాంకులు బయటి కవచానికీ లోపలి గట్టి కవచానికీ మధ్య ఉంటాయి. పైనున్న వాల్వులు తెరిస్తే గాలి బయటికి పోతుంది, కింది నుంచి నీరు లోపలికి వస్తుంది. సిలిండర్లలో దాచిన ఒత్తిడి గాలిని వదిలితే అది నీటిని కిందికి తోసేస్తుంది.

అంటే సబ్‌మెరైన్ తన సైజు మార్చుకోదు, బరువు మార్చుకుంటుంది. పిల్లలకు మొదట అర్థం కావలసింది ఈ ఒక్క వాక్యమే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1775లో అమెరికాలో డేవిడ్ బుష్నెల్ కట్టిన టర్టిల్ అనే ఒంటరి మనిషి సబ్‌మెరైన్‌లో కూడా కాలితో వాల్వు నొక్కి నీళ్లు లోపలికి రానిచ్చేవారు, పంపులతో బయటికి తోడేవారు. అడుగున కట్టిన సీసంలో సుమారు 90 కిలోల భాగాన్ని అత్యవసరమైతే వదిలేసి పైకి రావచ్చు. మన చిన్న మోడల్‌కు కూడా ఇలాంటి "ఆఖరి దారి" ఒకటి ఉండాలి. దాని గురించి కింద చెబుతాను.

మూడు రకాల ట్యాంకులు

మోడల్ సబ్‌మెరైన్లు చేసేవారు ప్రధానంగా మూడు పద్ధతులు వాడతారు.

మొదటిది పిస్టన్ ట్యాంకు. పెద్ద సిరంజి లాంటిదే. పిస్టన్‌ను వెనక్కి లాగితే నీరు లోపలికి వస్తుంది, ముందుకు తోస్తే బయటికి పోతుంది. ఎంత నీరు కావాలో అంతే తీసుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. లోపల నీరు తప్ప గాలి ఉండదు కాబట్టి నీరు అటూ ఇటూ ఊగదు. పిల్లల ప్రాజెక్టుకు ఇదే సరైనది.

రెండోది పంపు ట్యాంకు. చిన్న పంపు నీటిని ట్యాంకులోకో, మెత్తటి సంచిలోకో ఎక్కిస్తుంది, తిప్పి నడిపితే దించుతుంది. మామూలు గేర్ పంపు ఆపినా దానిలోంచి నీరు మెల్లగా కారుతుంది, కాబట్టి వేరే వాల్వు పెట్టాలి. రోలర్లతో రబ్బరు గొట్టాన్ని నొక్కుతూ నీటిని తోసే పంపు ఉంది. ఆసుపత్రుల్లో డయాలసిస్ మెషిన్ల మీద గుండ్రంగా తిరిగేది అదే. అది గొట్టాన్ని ఎప్పుడూ ఒకచోట నొక్కి ఉంచుతుంది, నీరు వెనక్కి రాదు.

మూడోది గాలి లేదా గ్యాస్ పద్ధతి. ఒత్తిడి గాలితోనో, చిన్న డబ్బాలోని ద్రవ గ్యాస్‌తోనో నీటిని తోసేస్తారు. పని వేగంగా జరుగుతుంది. కానీ డబ్బా అయిపోతే పైకి వచ్చే దారి ఉండదు, పైగా కొన్ని గ్యాసులు మండుతాయి. పిల్లల ప్రాజెక్టుకు దీన్ని వద్దనే చెబుతాను.

ఎంత ట్యాంకు కావాలి?

ఇక్కడే చాలామంది అంచనా తప్పుతుంది. "పెద్ద ట్యాంకు పెడితే బాగా మునుగుతుంది" అనుకుంటారు. లెక్క ఇలా ఉంటుంది.

ప్లంబింగ్ షాపులో దొరికే 75 ఎం.ఎం. పీవీసీ పైపు తీసుకుని, రెండు వైపులా మూతలతో 45 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా చేశారనుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 2,000 మిల్లీలీటర్లు, అంటే రెండు లీటర్లు. ఒక మిల్లీలీటరు మంచినీటి బరువు ఒక గ్రాము. కాబట్టి ఈ పైపు పూర్తిగా మునగాలంటే మొత్తం బరువు 2,000 గ్రాములకు చేరాలి. అంతకు తక్కువైతే తేలుతుంది, ఎక్కువైతే అడుక్కి పోతుంది.

ఇప్పుడు 60 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు పెడదాం. రెండూ నిండితే 120 గ్రాముల నీరు. ఖాళీ సిరంజిలతో పడవ బరువు సరిగ్గా 1,875 గ్రాములు ఉండేలా చూస్తే, నిండాక 1,995 అవుతుంది. 2,000కి ఇంకా 5 గ్రాములు తక్కువ. అంటే పైభాగం నీటిమట్టాన్ని అంటీ అంటనట్టు ఉంటుంది. అక్కడి నుంచి వెనుక ఫ్యాను, పక్క రెక్కలు దాన్ని సులువుగా కిందికి నడిపిస్తాయి. సిరంజిలు ఖాళీ చేస్తే పైపు మీది భాగం దాదాపు 8 మిల్లీమీటర్లు నీటి పైకి వస్తుంది. చూడటానికి అచ్చం సముద్రం మీద తేలే సబ్‌మెరైన్‌లా ఉంటుంది.

ఇందులోని సూత్రం చిన్నదే. పడవ తేలుతున్నప్పుడు నీటి పైన ఎంత ఘనపరిమాణం కనిపిస్తుందో, ట్యాంకు అంత ఉండాలి. పైన 120 మిల్లీలీటర్లు కనిపిస్తే 120 మిల్లీలీటర్ల ట్యాంకు చాలు. ఎక్కువ పైకి తేలాలంటే పెద్ద ట్యాంకు కావాలి.

అనుభవం ఉన్న మోడల్ తయారీదారులు ఇంకో తెలివైన పని చేస్తారు. బయటి ఆకారానికి రంధ్రాలు పెట్టి నీటిని స్వేచ్ఛగా వచ్చి పోనిస్తారు. మోటారు, బ్యాటరీ, ట్యాంకు మాత్రం లోపల ఒక సీలు చేసిన సిలిండర్‌లో ఉంటాయి. అప్పుడు నీటి పైన కనిపించే భాగంలో పల్చని ప్లాస్టిక్ గోడ మందం మాత్రమే లెక్కలోకి వస్తుంది. అందువల్ల చూడటానికి పెద్దదైన పడవకు కూడా చిన్న ట్యాంకు సరిపోతుంది.

ఆ 5 గ్రాముల సంగతి మర్చిపోకండి. అది ఒక టీ చెంచా నీరు. పైపు లోపలికి ఒక్క చెంచా నీరు కారినా ఈ పడవ పైకి తేలే బలం పోతుంది. సబ్‌మెరైన్ ప్రాజెక్టులో లీకేజీ చిన్న విషయం కాకపోవడానికి కారణం ఇదే.

ఎక్కడ బిగించాలి?

ట్యాంకులో చేరే నీటి మధ్యబిందువు పడవ పొడవుకు సరిగ్గా మధ్యలో పడాలి. సిరంజి మధ్యలో ఉంటే సరిపోదు, నిండిన నీటి మధ్యభాగం అక్కడ ఉండాలి. 60 మిల్లీలీటర్ల సిరంజిలో నీటి పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. కాబట్టి ముక్కు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఉండే బిందువు పడవ మధ్యకు రావాలి.

రాకపోతే ఏమవుతుంది? నీరు 10 సెంటీమీటర్లు ముందుకు పడిందనుకోండి. 120 గ్రాములు, 10 సెంటీమీటర్ల దూరం. మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ముందు కొసకు 60 గ్రాముల బరువు కట్టినట్టే. పడవ గరిమనాభి దాని ఉత్ప్లవన కేంద్రానికి ఒక సెంటీమీటరు మాత్రమే కింద ఉంటే, ఆ బరువుకు ముందు భాగం దాదాపు 30 డిగ్రీలు కిందికి వాలుతుంది. సీసాను తలకిందులు చేసినట్టు పడవ ముక్కు నేలకు గుచ్చుకుంటుంది.

రెండో నియమం: బరువైనవన్నీ కింద, తేలికైనవి పైన. బ్యాటరీలు, ఇనుప నట్లు పైపు అడుగున బిగించాలి. నీటి మీద తేలే పడవను దాని ఆకారం కూడా కొంత నిలబెడుతుంది. పూర్తిగా మునిగాక ఆ సాయం ఉండదు. గరిమనాభి కింద ఉంటేనే నిలుస్తుంది, లేకపోతే పల్టీ కొడుతుంది.

మూడో విషయం పంపు ట్యాంకు వాడేవారికి. సగం నిండిన ట్యాంకులో నీరు ఊగుతుంది. సగం నీళ్లున్న బకెట్ మోస్తూ నడిస్తే ఎలా తూలుతామో అందరికీ తెలుసు. ముందు భాగం కొంచెం వాలగానే నీరంతా ముందుకు పరుగెత్తి ఇంకా వాలేలా చేస్తుంది. అందుకే ట్యాంకు పొడవుగా కాకుండా పొట్టిగా ఉండాలి, లేదా లోపల రంధ్రాలున్న అడ్డుగోడలు పెట్టాలి.

బిగించే పద్ధతి

మెడికల్ షాపులో సూది లేని 60 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు తెచ్చుకోండి. వేళ్లు ఆనించే రెక్కలు పైపులో పట్టవు కాబట్టి పెద్దవాళ్లు వాటిని కోసి ఇవ్వాలి. రెండు సిరంజిలనూ పక్కపక్కనే ఒక ప్లాస్టిక్ పట్టీ మీద క్లిప్పులతో కదలకుండా బిగించాలి. రెండు పిస్టన్లనూ ఒకే అడ్డపట్టీకి కలపాలి. ఆ పట్టీకి ఒక నట్టు అమర్చి, దానిలోంచి 6 ఎం.ఎం. మరల కడ్డీ పోనివ్వాలి. కడ్డీని చిన్న గేరు మోటారు తిప్పుతుంది. కడ్డీ ఒక చుట్టు తిరిగితే నట్టు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. 10 సెంటీమీటర్లు జరగాలంటే 100 చుట్లు. మోటారు నిమిషానికి 200 చుట్లు తిరిగితే ట్యాంకు 30 సెకన్లలో నిండుతుంది. మోటారు ఆపేసినా నీటి ఒత్తిడి పిస్టన్‌ను వెనక్కి నెట్టలేదు, మర పట్టుకుని ఉంటుంది. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సుగుణం ఇది.

రెండు చివరలా ఒక్కో చిన్న లిమిట్ స్విచ్ తప్పనిసరి. పిస్టన్ చివరికి చేరగానే అది కరెంటు ఆపుతుంది. స్విచ్‌కు సమాంతరంగా ఒక డయోడ్ పెడితే, అటువైపు ఆగిన మోటారు వెనక్కి మాత్రం తిరగగలదు. స్విచ్ లేకపోతే మోటారు బలానికి సిరంజి వెనుక నుంచి పిస్టన్ ఊడి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు నీరు నేరుగా పైపు లోపలికే.

సిరంజి ముక్కు నుంచి సన్నని గొట్టం పైపు గోడలోని రంధ్రం ద్వారా బయటికి వెళ్లాలి. గొట్టం కొనకు పల్చని జాలీ గుడ్డ కట్టండి. నాచు, ఇసుక లోపలికి రావు.

మూత బిగించేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సిరంజిల్లో నీరు లేకుండా, పిస్టన్లు పూర్తిగా ముందుకు తోసి ఉన్నప్పుడే మూత వేయాలి. ఎందుకంటే పిస్టన్లు వెనక్కి వస్తే పైపు లోపలి గాలి నలుగుతుంది. లోపల ఒక లీటరు గాలి ఉందనుకుంటే, 120 మిల్లీలీటర్లు తగ్గి 880 అవుతుంది. బాయిల్ నియమం ప్రకారం పీడనం సుమారు 14 శాతం పెరుగుతుంది. ఇది దాదాపు 1.4 మీటర్ల లోతులో ఉండే నీటి ఒత్తిడితో సమానం. అందువల్ల మీటరు లోతు తొట్టిలో మునిగిన పడవకు లీకు ఉంటే, ముందు నీరు లోపలికి రాదు, గాలి బుడగలుగా బయటికి వస్తుంది. బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తే లీకు ఎక్కడుందో తెలిసిపోతుంది. కానీ బుడగలను పట్టించుకోకపోతే లోపలి గాలి తగ్గిపోతుంది. సిరంజిలు ఖాళీ చేసి పైకి వచ్చే సమయంలో లోపలి పీడనం బయటికంటే తక్కువై, అదే సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. పిల్లలను ఈ ప్రశ్న అడిగి చూడండి. సమాధానం చెప్పగలిగితే బాయిల్ నియమం వాళ్లకు పరీక్ష కోసం కాకుండా నిజంగానే వచ్చినట్టు.

తూకం సరిచూడటం

వంటింటి తూకం, లోతైన డ్రమ్ము లేదా తొట్టి, కొన్ని ఇనుప నట్లు, వాషర్లు, థర్మాకోల్ ముక్కలు ఉంటే చాలు. నీళ్లు నింపిన సిరంజిలతో పడవను తొట్టిలో వదలండి. ఇంకా పైకి తేలుతుంటే మూత తీసి అడుగున వాషర్లు చేర్చండి. పైభాగం నీటిమట్టానికి వచ్చేవరకు ఇలా చేయాలి. తర్వాత ముందు భాగం వాలితే వాషర్లను వెనక్కి, వెనుక వాలితే ముందుకు జరపండి. చివరగా సిరంజిలు ఖాళీ చేసి నిటారుగా తేలుతుందో లేదో చూడండి. ఒకసారి సరిపోయాక బరువులు కదలకుండా గట్టిగా బిగించాలి.

మంచినీటిలో సరిచూసిన పడవను సముద్రానికి తీసుకెళితే లెక్క మారుతుంది. సముద్రపు నీరు దాదాపు రెండున్నర శాతం ఎక్కువ సాంద్రత గలది. రెండు లీటర్ల పడవకు 50 గ్రాముల అదనపు తేలే బలం వస్తుంది. మన ట్యాంకు మొత్తమే 120 గ్రాములు. కాబట్టి అక్కడ అది మునగదు.

సిగ్నల్ పోతే?

ఇప్పటి రిమోట్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ తరంగాలు నీటిలో కొన్ని సెంటీమీటర్లకే ఆగిపోతాయి. పడవ మునగగానే రిమోట్ పనిచేయదు. పాత రకం బొమ్మ కార్లలో వాడే 27 మెగాహెర్ట్జ్ తరంగాలు మంచినీటిలో కొన్ని అడుగుల లోతు వరకు వెళతాయి. ఉప్పు నీటిలో అవీ వెళ్లవు. పాఠశాల ప్రాజెక్టుకు మొదట సన్నని తీగతో నడపమని నా సలహా. పడవ చక్కగా మునిగి తేలుతోందని తేలాక రేడియో పెట్టుకోవచ్చు.

రేడియో పెడితే ఫెయిల్‌సేఫ్ తప్పదు. సిగ్నల్ తెగినా, బ్యాటరీ తగ్గినా, దానంతట అదే ట్యాంకు ఖాళీ చేసుకుని పైకి రావాలి. బుష్నెల్ సీసం వదిలినట్టు, ఇది మన పడవకు ఆఖరి దారి. పైపు అడుగున రెండు తీగల కొసలు దగ్గరగా ఉంచి, నీరు తగలగానే ఇదే పని జరిగేలా సర్క్యూట్ కూడా పెట్టవచ్చు.

నీళ్లలోంచి తీశాక

సబ్‌మెరైన్ ఎంతకాలం పనిచేస్తుందన్నది బయటికి తీశాక చేసే పది నిమిషాల పనిమీద ఆధారపడుతుంది.

ప్రతిసారీ: ట్యాంకును శుభ్రమైన మంచినీటితో రెండు మూడుసార్లు నింపి ఖాళీ చేయండి. స్విమ్మింగ్ పూల్ క్లోరిన్, బోరు నీటి ఉప్పు రబ్బరునూ లోహాన్నీ పాడుచేస్తాయి. మూత తీసి లోపల చేత్తో తడిమి చూడండి. తడి ఉంటే ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోకుండా మళ్లీ నీళ్లలో దించకండి. లోపలంతా ఆరేవరకు మూత తెరిచే ఉంచండి.

నాలుగైదుసార్లు నడిపాక: పిస్టన్ రబ్బరు పట్టేస్తుంటే కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె, వ్యాజిలీన్ రాయకండి. సిరంజి రబ్బరు నూనెకు ఉబ్బి బిగుసుకుపోతుంది. మర కడ్డీ మీద తుప్పు, దారాలు, జుట్టు ఉంటే తుడవండి. మూత దగ్గరి రబ్బరు ఓ-రింగును తీసి వేళ్ల మధ్య తిప్పి చూడండి. చీలిక ఉన్నా, ఒకవైపు చదునుగా నలిగినా మార్చేయండి. ఇసుక రేణువు ఒక్కటి దాని కింద ఉన్నా సీలు పట్టదు. జాలీ గుడ్డ కడగండి.

సెలవులకు పక్కన పెట్టేముందు: బ్యాటరీలు తీసేయండి. పిస్టన్‌ను సిరంజి మధ్యలో వదిలేయండి. పంపు ట్యాంకైతే రోలర్ల కింది గొట్టం తీసి వదులు చేయండి, లేకపోతే నొక్కిన చోట శాశ్వతంగా నలిగిపోతుంది. మళ్లీ బయటికి తీసిన రోజు నేరుగా తొట్టిలో వేయకుండా, ముందు బకెట్‌లో ముంచి పట్టుకుని బుడగలు వస్తున్నాయేమో చూడండి.

దయచేసి ఈ జాగ్రత్తలు

పై విషయాల్లో ఏది మర్చిపోయినా నష్టపోయేది ఒక పడవ. ఇక్కడ చెప్పేవి అలా కాదు.

మునిగిపోయిన పడవ కోసం పిల్లలు నీళ్లలోకి వంగుతారు, దిగుతారు. ఎన్ని రోజులో కష్టపడి చేసింది కళ్లముందే పోతుంటే ఆగరు. అందుకే అపార్ట్‌మెంట్ సంపు, బావి, చెరువు, కాలువ దగ్గర ఈ ప్రాజెక్టు నడపనే వద్దు. ఇంట్లో డ్రమ్ము, టబ్బు చాలు. ఎక్కడైనా సరే, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. పడవ ముందు భాగానికి ఎప్పుడూ ఒక నైలాన్ తాడు కట్టి ఉంచండి. మునిగినా లాగి తీసుకోవచ్చు. పడవ పోయినా ఏమీ అనబోమని మీరు ముందే చెప్పడం ఇంకా మంచిది.

బ్యాటరీలను మూత వేసిన పైపులో ఉంచి ఛార్జ్ చేయకూడదు. గ్యాస్ చేరి ప్రమాదం జరగవచ్చు. విడిగా దొరికే లిథియం సెల్స్ వద్దు, మామూలు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ చాలు. ఛార్జర్, ప్లగ్గు నీటి తొట్టికి దూరంగా వేరే గదిలో ఉండాలి. బరువుకు సీసం బదులు ఇనుప వాషర్లే వాడండి. సీసం పిల్లల చేతులకు మంచిది కాదు. పైపు కోయడం, సిరంజి రెక్కలు కోయడం పెద్దల పని.

మీరు చేయాల్సింది, చేయకూడనిది

రెడీమేడ్ ప్రాజెక్టులు కొని తెచ్చే అలవాటు గురించి మనందరికీ తెలుసు. తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉద్యోగాలు, ట్రాఫిక్, హోంవర్క్ మధ్య సమయం దొరకడం కష్టమే. కానీ కొన్న సబ్‌మెరైన్ పక్కన నిలబడ్డ పిల్లలు ఒక ప్రశ్నకు ఆగిపోతారు. "ట్యాంకు ఇంతే ఎందుకు పెట్టావు?" అన్నది ఆ ప్రశ్న. తానే చేసిన అమ్మాయి "పైన 120 కనిపిస్తోంది కాబట్టి 120 పెట్టాను" అంటుంది. ఆ జవాబు ఏ షాపులోనూ దొరకదు.

సమయం తక్కువ ఉన్నవారికి చిన్న దారి ఒకటి ఉంది. మూత గట్టిగా ఉన్న రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పోయండి. అంచు వరకు తేలుతూ ఉండేలా ఎంపిక చేసిన ఒక చిన్న సాస్ పాకెట్‌ను, విప్పకుండా, అందులో వేయండి. మూత బిగించి సీసాను నొక్కితే పాకెట్ మునుగుతుంది, వదిలితే తేలుతుంది. నొక్కినప్పుడు పాకెట్ లోపలి గాలి బుడగ నలిగి చిన్నదవుతుంది. పాకెట్ నెట్టే నీరు తగ్గుతుంది, అందుకే మునుగుతుంది. ఇక్కడ బరువు మారలేదు, ఘనపరిమాణం మారింది. సబ్‌మెరైన్‌లో ఏది మారింది? ఆ తేడాను పిల్లల నోటితోనే చెప్పించండి. ఐదు నిమిషాల పని, సగం పాఠం అయిపోయినట్టే.

సబ్‌మెరైన్ చేసే పిల్లలకు మాత్రం ఒక చిన్న నోటుపుస్తకం కొనివ్వండి. ప్రతిసారీ తేదీ, పడవ బరువు, బుడగలు ఎక్కడ వచ్చాయి, ఏం మార్చారు అన్నది నాలుగు గీతల్లో రాయమనండి. మొదటి పేజీల్లో "మునిగిపోయింది" అనే మాటే ఎక్కువగా ఉంటుంది. ఫర్వాలేదు, కంగారుపడి మీరు చేతిలోకి తీసుకోకండి. సైన్స్ ఫెయిర్ రోజు పడవతోపాటు ఆ పుస్తకాన్నీ టేబుల్ మీద పెట్టించండి. మేము ముందు చూసేది దాన్నే.